మేతకు మించిన పచ్చిక

మైలవరం దగ్గర పెన్న కాసేపు ఆగుతుంది. ఎర్రమల కొండల్ని చీల్చుకుని గండికోట లోయ దాటి వచ్చిన నది ఇక్కడ సుమారు 10 టీఎంసీల జలాశయంగా నిలిచి, ఆ తర్వాతే జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు వైపు సాగుతుంది. ఇలాంటి జలాశయాల అంచుల్లో, వాటి కింది కాలువల్లో, ఊరి చెరువుల్లో లోతు తగ్గి నీరు తేటపడిన చోటల్లా హైడ్రిల్లా అనే మొక్క పెరుగుతుంది. రైతుకు అది కాలువకు అడ్డుపడే నాచు, చేపలు పట్టేవారికి వలకు చుట్టుకునే నాచు. చూడటానికి పాచిలా ఉన్నా అది పాచి కాదు. వేరు, కాండం, ఆకు, పువ్వు, గింజ అన్నీ ఉన్న నిండు మొక్క. దాని పక్కనే తరచుగా కనిపించే సన్నటి పొడవాటి ఆకుల మొక్క పేరు వాలిస్నేరియా. దీని మగ పూలు నీటి అడుగునే మొక్క నుంచి తెగి, ఆవగింజకన్నా చిన్న బుడగల్లా పైకి తేలి, నీటి మీద విచ్చుకుంటాయి. ఆడ పువ్వు పొడవాటి సన్నని కాడ మీద నీటి పైదాకా వచ్చి వాటికోసం ఎదురుచూస్తుంది. పరాగం అందాక కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను అడుగుకు లాక్కుంటుంది. తమిళనాడులోని మన్నార్ సింధుశాఖలో, ఉప్పునీటి అడుగున పెరిగే ఎన్‌హాలస్ అనే గడ్డి కూడా దాదాపు ఇలాగే పూస్తుంది. హైడ్రిల్లా, వాలిస్నేరియా, ఎన్‌హాలస్ మూడూ హైడ్రోకారిటేసి అనే ఒకే కుటుంబానికి చెందినవి. రాయలసీమ చెరువులోని నాచుకు సముద్రంలో సొంత చుట్టాలున్నారన్నమాట. ఎన్‌హాలస్‌లా ఉప్పునీటి అడుగున పెరిగే పూల మొక్కలనే సముద్ర గడ్డి అంటున్నాం.

సముద్ర గడ్డి జాతులు ప్రపంచంలో 70కి కాస్త ఎక్కువ. నేల మీద 3 లక్షలకు పైగా ఉన్న పూల మొక్కల జాతులతో పోల్చితే ఇది లెక్కలోకి రాదు. వీటి పూర్వీకులు నేల మీద పుట్టి, మంచినీటికి అలవాటుపడి, డైనోసార్ల కాలం ముగియకముందే ఉప్పునీటిలోకి దిగడం మొదలుపెట్టాయి. ఆ ప్రయాణం ఒకే వంశం ఒకేసారి చేసింది కాదు, వేరువేరు వంశాలు వేరువేరుగా చేశాయి. మన దేశంలో వీటికి పెద్ద నెలవులు పాక్ అఖాతం, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్, ఒడిశాలోని చిలికా సరస్సు. ఆంధ్ర తీరం పొడవైనదే అయినా బయటి సముద్రంలో ఈ గడ్డికి చోటు తక్కువ. అలల తాకిడికి నిలకడలేని ఇసుక ఒక కారణమైతే, గోదావరి, కృష్ణ, పెన్న వంటి నదులు తెచ్చే ఒండ్రుతో మసకబారే నీరు రెండో కారణం. అందుకే మన రాష్ట్రంలో దీన్ని చూడాలంటే అలల నుంచి రక్షణ ఉన్న చోటికి, శ్రీహరికోట దీవి వెనక ఉన్న పులికాట్ సరస్సుకు వెళ్లాలి. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. దీనిలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. ఇక్కడ పెరిగేవి హాలోఫిలా వంటి పొట్టి జాతులు. హాలోఫిలా ఒవాలిస్ ఆకు గుండ్రంగా, బొటనవేలి గోరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. బురదలో పాకే తీగలాంటి కాండం నుంచి కణుపు కణుపుకూ ఒక జత ఆకులు పైకి వస్తాయి. అంతకన్నా చిన్నదైన హాలోఫిలా బెక్కారి ప్రపంచవ్యాప్తంగా ప్రమాదపు అంచున ఉన్న జాతుల పట్టికలో ఉంది.

సముద్ర గడ్డిని కాపాడాలని చెప్పే ప్రతిచోటా ముందుగా డుగాంగ్ బొమ్మ కనిపిస్తుంది. సముద్రపు ఆవు అని పిలిచే ఈ క్షీరదం రోజుకు 30 నుంచి 40 కిలోల గడ్డి తింటుంది. వేళ్లతో సహా పెకలించి మేస్తూ పోతే వెనక ఇసుకలో చాలు గీసినట్టు బాట మిగులుతుంది. దాని కోసం తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబరులో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అది మంచి పని. కానీ ఆ బొమ్మ వెనక ఒక తప్పుడు కొలత దాగి ఉంది. గడ్డి ఉన్నది మేయడానికే, కాబట్టి మేసే జంతువు ఎంత అరుదైనదైతే గడ్డికి అంత విలువ అన్నదే ఆ కొలత. దాన్ని పట్టుకుంటే పులికాట్ గడ్డికి విలువ సున్నా అవుతుంది, ఎందుకంటే అక్కడ డుగాంగ్ మందలు లేవు. ఈ కొలత సరైంది కాదని చెప్పడమే ఈ అధ్యాయం ఉద్దేశం. నీటి అడుగు పచ్చిక మీద ఆధారపడే జీవుల్లో అత్యధిక భాగం ఆ గడ్డిని నోట పెట్టుకోవు. ఊరి మధ్య మర్రిచెట్టు విలువను దాని ఆకులు తినే మేకల సంఖ్యతో ఎవరూ కట్టరు. ఇక్కడా అంతే. ఆకు ఇచ్చే చోటు, వేరు ఇచ్చే నిలకడ, రాలిన ఆకు ఇచ్చే ఎరువు, ఈ మూడింటి మీదే అక్కడి జీవలోకం నడుస్తుంది. మేత నాలుగో స్థానంలో ఉంటుంది.

ముందు ఆకునే దగ్గరగా చూద్దాం. సముద్ర గడ్డి ఆకు కొత్తగా వచ్చినప్పుడు నున్నగా, లేత ఆకుపచ్చగా ఉంటుంది. కొద్దిరోజుల్లోనే దాని మీద డయాటమ్‌లనే ఏకకణ జీవులు, సన్నటి పాచిపోగులు పూతలా పరుచుకుంటాయి. ఆ పూతను గీకి తినడానికి చిన్న నత్తలు, రొయ్యలకు దూరపు చుట్టాలైన మిల్లీమీటర్ల పొడవు జీవులు చేరతాయి. వాటిని తినడానికి చేపపిల్లలు, రొయ్యపిల్లలు వస్తాయి. ఆకుకు తోక చుట్టి నిలబడే సముద్ర గుర్రం తన ముందుగా కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల్ని పీల్చుకుంటుంది. అది ఒక్క ఆకు కూడా తినదు, కానీ పట్టుకోవడానికి ఆకు లేకపోతే ప్రవాహంలో నిలవలేదు. ఎవరు ఏం తింటున్నారో ఊహించి చెప్పే పని లేదు. కార్బన్‌లో బరువైన, తేలికైన రెండు రకాల పరమాణువులుంటాయి. నీటిలో తేలే సూక్ష్మ మొక్కల్లో కన్నా సముద్ర గడ్డిలో బరువైన కార్బన్ పాలు స్పష్టంగా ఎక్కువ. తిన్నదాని గుర్తు తిన్నవాడి కండలో మిగులుతుంది కాబట్టి, చేప కండను పరీక్షిస్తే దాని తిండి ఎక్కడి నుంచి మొదలైందో తెలుస్తుంది. ప్రపంచంలో ఎన్నోచోట్ల ఇలా చేసిన పరీక్షల్లో గడ్డి ఒక్కటే కాక ఆకు మీది పూత, కుళ్లిన ఆకుల పొడి, చుట్టుపక్కల నీటి సూక్ష్మజీవులు కూడా పెద్ద పాలు పంచుకుంటున్నట్టు తేలింది. పచ్చి ఆకు గట్టిగా, పీచుగా ఉంటుంది, మాంసకృత్తులు తక్కువ. దాన్ని నేరుగా అరిగించుకునే కడుపులు సముద్రంలో కొద్దిగానే ఉన్నాయి.

ఆకు కింద ఉన్న బురదలో కథ ఇంకా లోతైనది. తీరపు బురదలో ఆక్సిజన్ ఉండదు. కుళ్లే పదార్థం నుంచి పుట్టే సల్ఫైడ్ మొక్క వేళ్లకు విషం. సముద్ర గడ్డి ఆకుల్లో తయారైన ఆక్సిజన్‌ను గాలి గొట్టాల ద్వారా వేళ్లకు పంపి, వేరు చుట్టూ ఒక సన్నని రక్షణ పొరను నిలుపుకుంటుంది. ఆ పొర దగ్గర లూసినిడ్ అనే ఆల్చిప్పలు బతుకుతాయి. వాటి మొప్పల్లో ఉండే బాక్టీరియా సల్ఫైడ్‌ను వాడుకుని చక్కెరలు తయారుచేసి ఆల్చిప్పకు తిండి పెడతాయి. ఫలితంగా మొక్కకు విషం తగ్గుతుంది, ఆల్చిప్పకు ఆక్సిజన్ దొరుకుతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో ఈ ముగ్గురూ కలిసినప్పుడే గడ్డి బాగా ఎదిగింది. ఇక్కడ ఒకరినొకరు తినడం ఎక్కడా లేదు, ఒకరి చోటును మరొకరు బతకదగ్గదిగా చేయడమే ఉంది. అదే వేళ్ల అల్లిక ఒండ్రును పట్టి ఉంచుతుంది, ఆకుల దట్టం నీటి వేగాన్ని తగ్గించి మట్టి అడుగుకు దిగేలా చేస్తుంది. అలా పూడుకుపోయిన కార్బన్ ఆక్సిజన్ లేని బురదలో వందల ఏళ్లు నిలుస్తుంది. సముద్రపు అడుగులో 500 వంతుల్లో ఒక వంతు కూడా లేని ఈ పచ్చికలు, సముద్రం ఏటా పూడ్చిపెట్టే కార్బన్‌లో పదో వంతు దాకా తమ కింద దాచుకుంటున్నాయని అంచనా.

ఈ వాదనకు అతిపెద్ద పరీక్ష ప్రకృతే పెట్టింది. 1930ల మొదట్లో అట్లాంటిక్ సముద్రపు రెండు తీరాల్లో జోస్టెరా అనే సముద్ర గడ్డికి తెగులు సోకి, కొన్నేళ్లలోనే పచ్చికల్లో దాదాపు 90 శాతం తుడిచిపెట్టుకుపోయాయి. గడ్డి విలువ మేతలోనే ఉంటే మేసే జీవులు చచ్చి, మిగతావి బతకాలి. జరిగింది అంత సూటిగా లేదు. ఆ గడ్డినే ప్రధానంగా మేసే బ్రాంట్ బాతులు భారీగా తగ్గాయి, కానీ మిగిలినవి వేరే నాచుకూ, గట్టు మీది గడ్డికీ అలవాటుపడి మళ్లీ పుంజుకున్నాయి. గడ్డిని ఏమాత్రం తినని స్కాలప్ అనే చిప్పజీవి కథ వేరు. దాని పిల్లలు ఆకులకు అతుక్కుని పెరుగుతాయి, అడుగున పాకే పీతల నుంచి అలా తప్పించుకుంటాయి. అమెరికాలోని వర్జీనియా తీర జలాల్లో గడ్డితోపాటే స్కాలప్ కనుమరుగైంది, దాని మీద ఆధారపడ్డ వేట కూడా ఆగిపోయింది. తిండి మార్చుకోగలిగింది బతికింది, ఇల్లు మార్చుకోలేనిది పోయింది. జోస్టెరా ఆకు మీదే పుట్టి, ఆ ఆకు పైపొరనే గీకి తిని బతికిన ఒక చిన్న నత్త మాత్రం పూర్తిగా అంతరించింది. ఇల్లూ తిండీ ఒకే ఆకులో ఉన్న జీవికి తప్పించుకునే దారే లేకపోయింది. అదే వర్జీనియా తీరంలో 1999 నుంచి పరిశోధకులు, స్వచ్ఛంద కార్యకర్తలు 7 కోట్లకు పైగా గింజలు చల్లారు. 2020 నాటికి సుమారు 3,600 హెక్టార్లలో పచ్చిక తిరిగి వచ్చింది. చేపలూ ఇతర జీవులూ పెరిగాయి, నీరు తేటపడింది. కారణం గడ్డే అనడానికి ఇంతకు మించిన రుజువు ఏముంటుంది?

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. డుగాంగ్, పచ్చ తాబేలు నిజంగానే గడ్డి తిని బతుకుతాయి కదా, వాటిని పక్కన పెట్టడం న్యాయమా? పక్కన పెట్టడం లేదు. వాటికి గడ్డి లేకపోతే బతుకే లేదు. కానీ లక్షద్వీప్‌లోని అగత్తి దీవి చెప్పే పాఠం కూడా వినాలి. అక్కడి లోతు తక్కువ సరస్సులో పచ్చ తాబేళ్లు పెద్ద సంఖ్యలో చేరి గడ్డిని మొదళ్ల దాకా మేశాయి. పచ్చిక పొట్టిదైంది, పలుచబడింది, చివరికి చాలాచోట్ల ఇసుక మిగిలింది. తాబేళ్లు వేరే దీవికి కదిలాయి. గడ్డిలో పెరిగే చేపలు మాత్రం తగ్గాయి, తమ పట్టు తగ్గడానికి తాబేళ్లే కారణమని స్థానిక మత్స్యకారులు తాబేళ్ల మీద కోపం పెంచుకున్నారు. మన దేశ పరిశోధకులు దీన్ని ఏళ్ల తరబడి గమనించి నమోదు చేశారు. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో పులి సొరలు తిరుగుతున్నందున డుగాంగ్‌లు, తాబేళ్లు ప్రమాదం ఎక్కువున్న చోట్ల నిశ్చింతగా మేయలేవు. ఆ భయమే పచ్చికను కాపాడుతుంది. వేటాడే జీవి లేని చోట మేసే జీవి ఒక్కదాన్నే లెక్కపెట్టి రక్షణ విజయం అనుకుంటే, నీడను నమ్ముకున్న వందల జీవుల నష్టం మన లెక్కలోకి రాదు. తాబేలును తప్పుపట్టడానికి ఈ ఉదాహరణ చెప్పడం లేదు. మేసేవాటి సంఖ్య పెరిగినా పచ్చిక చెడిపోవచ్చు, కాబట్టి ఆ సంఖ్య పచ్చిక ఆరోగ్యానికి కొలత కాలేదని చెప్పడానికే.

ఇల్లే ముఖ్యమైతే ఇల్లు మనమే కట్టివ్వచ్చు కదా అన్నది రెండో అభ్యంతరం. సిమెంటు దిమ్మెలు, పాత టైర్లు, కొమ్మల మోపులు సముద్రంలో దించితే చేపలు చేరతాయి, నిజమే. అయితే దిమ్మె ఆక్సిజన్ వదలదు, ఒండ్రును వేళ్లతో బిగించదు, పాత పూత పేరుకున్న ఆకును రాల్చి కొత్త ఆకు తొడగదు. చేరిన చేపలు కొత్తగా పుట్టినవా, పక్క నుంచి వచ్చినవా అన్నది కూడా ప్రతిసారీ తేల్చాల్సిన ప్రశ్నే. పాక్ అఖాతంలో పట్టే పచ్చ టైగర్ రొయ్య పిల్లదశలో గడ్డి మధ్యనే ఎదుగుతుంది. అక్కడ ఆకుల సందులే కాక, ఆకు మీది పూతా, బురదలోని పురుగులూ కలిసే దానికి బతుకునిస్తాయి. పులికాట్‌లోనూ రొయ్య, పీత, ముల్లెట్ చేప పట్టి బతికే ఊళ్లకు ఈ పచ్చికలు పిల్లదశ ఆశ్రయాల్లో ఒకటి. అక్కడికి శీతాకాలంలో వచ్చే సూదితోక బాతులు నీటి మొక్కల్ని, గింజల్ని తింటాయి. పర్యాటకులు చూడవచ్చే ఫ్లెమింగోలు మాత్రం బురదనీటిని వడగట్టి చిన్న జీవుల్ని, సూక్ష్మమైన పాచిని తింటాయి. ఆ బురదను జీవంతో నింపడంలో రాలిన గడ్డికి కూడా పాత్ర ఉంది.

మూడో అభ్యంతరం మైలవరం వైపు నుంచే రావాలి. కాలువల్లో నాచు పెరిగితే నీటి పారుదల మందగిస్తుంది, తూములు పూడుతాయి, వలలు చిక్కుకుంటాయి. నీటి అడుగు మొక్క అంత మంచిదైతే దాన్ని పీకడానికి ఇంత ఖర్చెందుకు? కాలువ పని నీరు పారించడం, అక్కడ నాచు తీయాల్సిందే. జలాశయపు అంచు, చెరువు లోతట్టు వేరు. లోతు తక్కువ నీటికి రెండు స్థితులుంటాయని నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మార్టెన్ షెఫర్, ఆయన సహచరులు 1990లలో వివరించారు. ఒకటి అడుగున మొక్కలు, పైన తేటనీరు. రెండోది మొక్కలు లేక, పచ్చటి పాచితోనో మట్టితోనో మసకబారిన నీరు. మొక్కలు మట్టిని కదలనివ్వవు, పాచిని తినే సూక్ష్మజీవులకు దాక్కునే చోటిస్తాయి, అందుకే తేటనీరు తనను తాను నిలబెట్టుకుంటుంది. ఎరువుల పోషకాలు హద్దు మీరినా, మొక్కల్ని పూర్తిగా ఊడ్చేసినా నీరు రెండో స్థితికి జారిపోతుంది, తిరిగి రావడం కష్టం. నాచు నిర్మూలనకు 1959లో మన దేశానికి తెచ్చిన గడ్డి చేప హైడ్రిల్లాను ఇష్టంగా తింటుంది. సంఖ్య ఎక్కువైతే అదీ అగత్తి తాబేళ్ల పనే చేస్తుంది. నాచు విపరీతంగా పెరగడం రోగ లక్షణమైతే, నాచు పూర్తిగా పోవడం అంతకన్నా పెద్ద రోగం.

ఈ మొక్కలన్నిటికీ ఉమ్మడి అవసరం వెలుగు. నీటిలో తేలే సూక్ష్మ మొక్కలకు పైన పడే వెలుగులో సుమారు 1 శాతం చాలు. సముద్ర గడ్డికి సగటున 11 శాతం కావాలి, ఎందుకంటే వెలుగు తగలని వేళ్లనూ కాండాన్నీ కూడా ఆకే పోషించాలి. కాబట్టి నీటిలో మట్టి, ఎరువు పెరిగితే ముందు చనిపోయేది గడ్డే. 1879 నుంచి లెక్కలున్న పచ్చికల విస్తీర్ణంలో 29 శాతం పోయిందని 2009లో వెలువడిన ప్రపంచ సమీక్ష తేల్చింది. అందుకు పెద్ద కారణాలు తీరపు కట్టడాలు, నీటి మసక. ఇక్కడ మరొకరు అడగవచ్చు: గండికోట, మైలవరం, సోమశిల వంటి ఆనకట్టలు ఒండ్రును ఆపుతున్నాయి కదా, సముద్రం తేటపడాలి కదా? ఆనకట్టలు ఎక్కువగా ఆపేది ముతక ఇసుకను. తీరానికీ, సరస్సుల ముఖద్వారాల ఇసుక దిబ్బలకూ కావలసింది ఆ ఇసుకే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగడి నుంచి వరదలో కొట్టుకొచ్చే సన్నని బంకమట్టిలో కొంత, నీటిలో కరిగిన ఎరువు ఆనకట్టలు దాటుతాయి. పైగా వేసవిలో నది పారకపోతే ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య ఉండాల్సిన సమతూకం తప్పుతుంది. పెన్న ఊటుకూరు దగ్గర నేరుగా సముద్రంలో కలుస్తుంది, పులికాట్‌లో కలవదు. అక్కడికి చేరేవి కాళంగి, అరణి వంటి చిన్న నదులు. కానీ సూత్రం అన్ని నదులకూ ఒకటే: పచ్చిక బతుకు తీరంలో కన్నా పైన పొలంలో, వాగులో, ఆనకట్ట తూము దగ్గర ఎక్కువగా నిర్ణయమవుతుంది.

కొలత మారితే చేసే పని కూడా మారుతుంది. డుగాంగ్‌ను, తాబేలును లెక్కపెట్టడం మానక్కర్లేదు. వాటితోపాటు చదరపు మీటరుకు ఎన్ని మొక్కలున్నాయి, ఆకుల మధ్య ఎన్ని రొయ్యపిల్లలు, చేపపిల్లలు దొరికాయి, వెలుగు ఎంత లోతుకు దిగుతోంది అన్నవి ఏటా లెక్కకట్టాలి. చివరి కొలతకు పెద్ద పరికరం అక్కర్లేదు. ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ 1865లో వాడిన పద్ధతి ఇప్పటికీ సరిపోతుంది. తాడు కట్టిన గుండ్రని పలకను నీటిలో దించి, అది ఎంత లోతులో కంటికి కనబడకుండా పోతుందో రాసుకోవడమే. మైలవరం జలాశయం దగ్గరి బడిపిల్లలు నెలకోసారి ఆ పని చేయగలరు, పులికాట్ ఒడ్డున సూళ్లూరుపేట, తడ పిల్లలూ చేయగలరు. గట్లు వేసి పొలం మట్టిని పొలంలోనే ఆపడం, ఎరువును పంటకు కావలసినంతే వేయడం, జలాశయపు అంచుల్లో కొంత నాచును వదిలేయడం, సరస్సు ముఖద్వారాలు పూడకుండా చూడటం అనే నాలుగు పనులకూ ఫలితం అదే పలక చెబుతుంది. మేసే జంతువు లేని చోట కూడా నీటి అడుగు పచ్చికకు రక్షణ హక్కు ఉందని ఒప్పుకుంటే, దాన్ని కాపాడే బాధ్యత తీరవాసులది మాత్రమే కాదు, నది పొడవునా నీటిని వాడుకునే ప్రతి ఊరిదీ అని కూడా ఒప్పుకున్నట్టే.